మంగళవారం లీగులో నిజాయితీ పాయింట్లు

సస్కాచువాన్‌లోని మా బ్రాండెల్ కర్లింగ్ క్లబ్బు మంగళవారం మధ్యాహ్నపు లీగులో ఈ చలికాలం నమోదైన నిజాయితీ, నిరుటికన్నా పద్నాలుగు రెట్లు అధికమని లీగు కార్యదర్శిగా సంతోషంతో తెలియజేస్తున్నాను. ఆటగాళ్ళ సంఖ్య పెరగలేదు. ఇద్దరు కాలం చేశారు కూడా.

కర్లింగ్‌లో అంపైరు ఉండడు. ఇరవై కిలోల రాతిని ఒకరు మంచు మీద జార్చి వదిలితే, ఇద్దరు దాని ముందు చీపుళ్ళతో మంచును రుద్దుకుంటూ పరుగెత్తుతారు. పొరపాటున చీపురు రాయికి తగిలితే, తగిలించినవారే చెయ్యెత్తి ఒప్పుకోవాలి. మా ఊళ్ళో ఈ ఏర్పాటు తొంభై ఏళ్ళుగా సజావుగా నడిచింది. సజావుగా నడిచేదాన్ని అలాగే వదిలేయడం బాధ్యతారాహిత్యమని మా అధ్యక్షుడు గార్త్ ఎన్స్‌కు తోచింది. ఆయన ముప్ఫై ఏళ్ళు వడగళ్ళ బీమా ఏజెంటుగా పనిచేసినవాడు. కొలతకు అందనిది ఏదైనా ఉందంటే ఆయనకు అనుమానమే.

అక్టోబరు సర్వసభ్య సమావేశంలో ఆయన లేచి ఇలా ప్రసంగించాడు: "మిత్రులారా! ఈ ఊరి నిజాయితీ చూస్తే నాకు గర్వంగా ఉంది. కానీ ఎంత గర్వపడాలో తెలియడం లేదు. ఆట గెలిచినవారికి రెండు పాయింట్లు ఇస్తున్నాం. తప్పు ఒప్పుకున్నవారికి ఏమిస్తున్నాం? సున్నా! సిగ్గుచేటు! ఇకనుంచి ప్రతి ఒప్పుకోలుకూ ఒక పాయింటు. ఎదుటి జట్టు అవునంటే చాలు."

చప్పట్లు మోగాయి. అదే సమావేశంలో మరో చిన్న నిర్ణయం కూడా జరిగింది. వచ్చే ఏడాది మంగళవారాల్లో కొంత సమయం బడిపిల్లలకు ఇవ్వవలసి ఉన్నందున, ఎనిమిది జట్లలో చివరి రెండింటికీ చోటుండదు. పాయింట్లు సమమైతే ఆటలు ఎక్కువ గెలిచిన జట్టుకే చోటు. ఈ రెండు నిర్ణయాలకూ ఏ సంబంధమూ లేదని మినిట్స్‌లో స్పష్టంగా ఉంది. రాసింది నేనే.

మొదటి వారం మూడు ఒప్పుకోళ్ళు వచ్చాయి. రెండో వారం పంతొమ్మిది. నాలుగో వారం ఒకే రాతిని ఏడుగురు తాకినట్టు తేలింది, దాని వెంట పరుగెత్తినవారు ఇద్దరే అయినప్పటికీ. చలి భరించలేక ఆరిజోనాకు తరలిపోయిన ఒక సభ్యుడు అక్కణ్ణుంచే ఫోనులో ఒప్పుకున్నాడు. ఒకాయన తన నీడ రాయి మీద పడిందన్నాడు. ధాన్యపు గిడ్డంగి మేనేజరు డ్వేన్ బిలాక్ ఒక్క మధ్యాహ్నమే ఆరుసార్లు చెయ్యెత్తి, కన్నీళ్ళు కూడా పెట్టుకున్నాడు. ఎదుటి జట్టు ఏనాడూ కాదనలేదు. తర్వాత వారి వంతు వస్తుంది కదా. ఒప్పుకోళ్ళు ముగిసి ఆట మొదలయ్యేసరికి వంటింట్లో బంగాళాదుంప కూరిన పెరోగీలు మూడుసార్లు వేడిచేయవలసి వచ్చేది.

ఇంత నైతిక సంపదను ఒకే రాశిగా పోయడం తగదని ఉపసంఘం వేశాం. అది తప్పులను రెండు తరగతులుగా విభజించింది: చేతితో చేసినదానికి ఒక పాయింటు, మనసుతో చేసినదానికి రెండు.

ఈ పురోగతికి ఎడంగా ఉండిపోయినవాడు లోర్న్ ఫెడిక్ ఒక్కడే. ముప్ఫై ఒక్క ఏళ్ళుగా ఆడుతున్నాడు. అతని చీపురు ఏ రాయికీ తగలలేదు. అతని జట్టు అందరికన్నా ఎక్కువ ఆటలు గెలిచి ఏడో స్థానంలో నిలిచింది. ఒక్క పాయింటు పైన, ఆరో స్థానంలో, మా జట్టు ఉంది. లోర్న్ జట్టులోనే అతని అక్క మార్లిస్ కూడా ఆడుతుంది. భర్త పోయాక ఆవిడ వారంలో ఆరు రోజులు టీవీతో మాట్లాడుతుంది, మంగళవారం మాత్రం మనుషులతో పోట్లాడుతుంది.

"ఒరేయ్, ఒక్కసారి చెయ్యెత్తితే నీ భుజం ఊడిపోదురా" అంది ఆవిడ, బూట్లు మార్చుకుంటూ.

"తగల్లేదు కదక్కా."

"ఆ డ్వేన్‌గాడికి తగిలిందా? ఆరోసారి చెయ్యెత్తినప్పుడు వాడు బెంచీ మీద కూర్చుని కాఫీ తాగుతున్నాడు!"

"వాడి చేతులు పొడుగేమో."

"నవ్వు, నవ్వు. వచ్చే ఏడాది మంగళవారం మా ఇంటికొచ్చి నవ్వుదువుగాని."

ఫిబ్రవరి చివరి మంగళవారం, సీజను చివరి ఆటలో, లోర్న్ చెయ్యెత్తాడు.

"ఏమయ్యా, భుజం నొప్పా?" అనడిగాడు ఎదుటి జట్టు నాయకుడైన డ్వేన్.

"చీపురు తగిలింది."

"ఎవరిది?"

"నాదే."

"ఊరుకో లోర్న్! నీ చీపురు తగలడమేంటి? ఈ ఊళ్ళో నీమీద నాకున్నంత గౌరవం ఎవరికీ లేదు. నా కళ్ళతో చూసినా నమ్మను."

ఎదుటి జట్టు కాదన్నది. ఈ సీజనులో తిరస్కరణకు గురైన ఒప్పుకోలు అదొక్కటే. పాయింటు కోసం అబద్ధమాడిన మొదటి సభ్యుడిగా లోర్న్ పేరు నమోదైంది. ఆటయ్యాక భోజనశాలలో విచారణ జరిగింది. గార్త్ ఎంతో దయగా మాట్లాడాడు.

"నిన్ను పంపించేయాలని ఎవరికుందయ్యా? అబద్ధం చెప్పానని ఒక్క ముక్క రాసి సంతకం పెట్టు. అది మనసుతో చేసిన తప్పు. రెండు పాయింట్లు. ఏడు నుంచి ఆరుకొస్తావు."

"కానీ తగిలింది కదా, గార్త్."

"చూశారా, మళ్ళీ అదే మాట" అన్నాడు డ్వేన్ బాధగా.

లోర్న్ అక్క వైపు చూశాడు. మార్లిస్ తన చేతితొడుగులను మడుస్తూ, విప్పుతూ, మళ్ళీ మడుస్తూ ఉంది.

"నీ ఇష్టంరా" అంది.

డెబ్బై ఏళ్ళలో ఆవిడ తమ్ముడితో ఆ మాట అనడం అదే మొదటిసారి. లోర్న్ కలం తీసుకుని సంతకం పెట్టాడు. హాలంతా లేచి నిలబడి చప్పట్లు కొట్టింది. "ఈరోజుతో లోర్న్ మనలో ఒకడయ్యాడు!" అని గార్త్ ప్రకటించాడు. లోర్న్ టోపీ పెట్టుకుని, పెరోగీలు తినకుండానే వెళ్ళిపోయాడు.

ఇక మిగిలింది ఒక చిన్న విషయం. లోర్న్ చెయ్యెత్తిన సమయంలో నేను పక్క మంచుబాట మీద, నాలుగు అడుగుల దూరంలో ఆడుతున్నాను. లోర్న్ చీపురు రాయికి తగలడం, రాయి జానెడు పక్కకు జరగడం నా కళ్ళారా చూశాను. విచారణలో నన్నెవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. చెబితే పాయింట్లు సమమై, ఆరో స్థానం మాకు దక్కదు. చెప్పకపోయినా చివరికి ఒక్క పాయింటు తేడాతో ఏడోవాళ్ళం మేమే అయ్యాం.

సీజను ముగిసిన ముప్ఫై రోజులవరకు లిఖితపూర్వకమైన ఒప్పుకోళ్ళు కూడా చెల్లుతాయని నిబంధన. కాబట్టి నా మౌనాన్ని ఇందుమూలంగా ఒప్పుకుంటున్నాను. ఇది మనసుతో చేసిన తప్పు. ఇంతదాకా చదివి, "పాపం, చివరికి నిజం చెప్పాడు" అని నామీద కాస్త గౌరవం పెంచుకున్న పాఠకులు ఆ గౌరవాన్ని రెండు పాయింట్లుగా లెక్కగట్టి, మా జట్టు పేరు మీద నమోదు చేయించ ప్రార్థన.