లీత్ పర్డీ వేయని ఉప్పు

ఆ శనివారం పొద్దున లీత్ పర్డీ పెట్టుకున్న పని ఒక్కటే: మధ్యాహ్నం గ్లెనిస్‌కి తన చేతి బర్గర్ తినిపించడం. గ్లెనిస్ ఊరి ఫుట్‌బాల్ క్లబ్బుకు అధ్యక్షురాలు. ఆట జరిగినప్పుడల్లా మైదానం పక్కన బర్గర్లు కాల్చే పెద్దాయన మోకాళ్ళు మొరాయించి ఆ పని మానుకున్నాడు. ఆయన వదిలిన పట్టకారు ఎవరి చేతికి వస్తుందన్నదే ఊళ్ళో ఇప్పుడు పెద్ద ప్రశ్న, తేల్చేది గ్లెనిస్. తపాలా ఉద్యోగంలో ఉన్నంతకాలం లీత్ కోసం జనం గేటు దగ్గర నిలబడి ఎదురుచూసేవారు. రిటైరయ్యాక అతని కోసం కుక్క కూడా లేచి నిలబడటం లేదు. పట్టకారు దొరికితే జనం మళ్ళీ వరస కడతారని అతని ఆశ.

బర్గర్ విషయంలో లీత్‌కి ఒక సిద్ధాంతం ఉంది. గొడ్డు మాంసం కైమాలో ఉప్పు కలపకూడదు. కలిపితే మాంసం బిగుసుకుపోయి బూటు అడుగులా తయారవుతుంది. మిరియాల పొడి, సన్నగా తురిమిన ఉల్లిపాయ, కాస్త సాస్ కలిపి పక్కన పెట్టాలి. ఉప్పు మాత్రం కైమా బిళ్ళలు పెనమెక్కే ముందు పైపైన చల్లాలి. ఈ సంగతి అతను మాంసం కొట్టు వాల్‌కి ఎన్నోసార్లు బోధించాడు. వాల్ వినేవాడు, తన సాసేజీల్లో ఉప్పు కలుపుతూనే వినేవాడు.

పొద్దున్నే రెండు కిలోల కైమా కలిపి ఫ్రిజ్‌లో పెట్టి, గ్యాస్ బండ తెచ్చుకోవడానికి లీత్ బయటికి వెళ్ళాడు. భార్య నోరీన్ పాల కోసం ఫ్రిజ్ తెరిచి, చూస్తూ చూస్తూ ఊరుకోలేక చిటికెడు కైమా వేయించి నోట్లో వేసుకుంది. చప్పగా ఉంది. సిద్ధాంతాన్ని ఆమె ఏళ్ళ తరబడి విన్నదే కానీ, పెళ్ళయిన కొత్తలోనే వినడం మానేసింది. పాపం, కంగారులో మరిచిపోయాడు, చెబితే ఇంకా కంగారు పడతాడని, గుప్పెడు ఉప్పు కలిపి గిన్నె మళ్ళీ లోపల పెట్టేసింది.

తరువాత వంటింట్లోకి నోరీన్ తల్లి ఎల్సీ వచ్చింది. ఎనభై ఆరేళ్ళ మనిషి, అల్లుడి వంట మీద నమ్మకం బొత్తిగా లేని మనిషి. ఆవిడ రుచి చూసే శ్రమ కూడా పెట్టుకోలేదు. అల్లుడు చేసింది కాబట్టి చప్పగానే ఉంటుందని తీర్మానించి, వెజిమైట్ సీసా అందుకుంది. రొట్టె మీద గోటితో గీసినంత రాసుకుంటేనే ఉప్పదనం నషాళానికి అంటే ఆ నల్లటి ముద్దను ఆవిడ మూడు గరిటెలు వేసి పిసికింది. తరువాత టీవీలో గుర్రప్పందేలు చూసుకోవడానికి వెళ్ళిపోయింది.

లీత్ వచ్చి చూశాడు. కైమా రంగు ముదిరి ఉంది. బాగా ఊరినందుకు సంతోషించాడు. ఒక బిళ్ళ చేసి, సిద్ధాంతం ప్రకారం పైన ఉప్పు చల్లి, కాల్చి కొరికాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. సముద్రాన్ని బన్నులో పెట్టినట్టుంది.

"నోరీన్, ఇందులో ఉప్పు వేశావా?"

"నువ్వు మరిచిపోయావు కదా, గుప్పెడు వేశాను," అంది నోరీన్.

"నేను మరిచిపోలేదు. వేయలేదు."

"రెండింటికీ తేడా ఏమిటి?"

తేడా చెప్పే తీరిక లేదు. ఎందుకైనా మంచిదని అత్తగారి దగ్గరికి వెళ్ళి, మీరు కూడా ఉప్పు వేశారా అని అడిగాడు. ఆవిడ టీవీ మీంచి కళ్ళు తిప్పకుండా, "ఉప్పా? నేను ఉప్పు ముట్టుకోలేదు," అంది. అందులో అబద్ధం లేదు.

విరుగుడు ఒక్కటే. లీత్ వాల్ కొట్టుకు పరిగెత్తి ఇంకో రెండు కిలోల కైమా తెచ్చి కలిపాడు. ఈసారి పైన ఉప్పు చల్లకుండానే కాల్చి చూశాడు. ఇంకా సముద్రమే, కాస్త ఒడ్డు దగ్గరగా. భార్య గుప్పిట అంత పెద్దదా అని ఆమె చెయ్యి పట్టుకుని చూశాడు. చిన్న చెయ్యే. మళ్ళీ కొట్టుకు వెళ్ళి ఈసారి నాలుగు కిలోలు అడిగాడు.

వాల్ కత్తి కింద పెట్టాడు. "ఏంట్రా లీత్, ఊరంతటికీ విందా?"

కొట్టు నిండా జనం. ఉప్పెక్కువైందని ఈ మనిషి ముందు ఒప్పుకోవడం కన్నా చావు నయమనిపించింది. "కొంచెం జనం వస్తున్నారులే," అన్నాడు.

"మీ అత్తగారి పుట్టినరోజా?"

"అలాంటిదే," అని లీత్ మూట చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

అతని వెనకే కబురు కూడా బయటపడింది. అలాంటిదే అన్న మాట బేకరీ దాకా వెళ్ళేసరికి పుట్టినరోజైంది, పెట్రోలు బంకు చేరేసరికి తొంభయ్యో పుట్టినరోజైంది. ముసలావిడ పండగకి మనల్ని పిలవడం మరిచిపోయారు పాపం, మనమే వెళ్దాం అనుకున్నారు ఊరివాళ్ళు.

లీత్ ఎనిమిది కిలోల కైమాను బిళ్ళలు చేసి, ఒకటి కాల్చి రుచి చూసి, ఉప్పు సరిపోయిందని ఊపిరి పీల్చుకున్నాడో లేదో, గేటు దగ్గర కార్లు ఆగడం మొదలైంది. మడత కుర్చీలు, బీరు పెట్టెలు, పావ్లోవా కేకులు మోసుకుంటూ జనం పెరట్లోకి వచ్చేశారు. బేకరీ ఆవిడ చేతిలో కేకు, దాని మీద గులాబి రంగులో తొంభై అని అంకె. వాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుంటూ గ్లెనిస్ వచ్చింది.

ఎల్సీ కేకు వంక చూసింది. "నాలుగేళ్ళు ఎవరు కలిపారు?" అని అడిగింది. ఎవరూ ఒప్పుకోలేదు. కానీ కేకు మెత్తగా ఉండడంతో ఆవిడ విచారణ అక్కడితో ఆపేసింది.

ఇక లీత్ చేతులు ఆగలేదు. బిళ్ళ, గుడ్డు, వేయించిన ఉల్లి, బీట్‌రూట్ ముక్క, బన్ను. జనం నిజంగానే వరస కట్టారు, తిన్నవాళ్ళు మళ్ళీ వరస చివరికి వెళ్ళారు. వాల్ కూడా రెండోది అడిగాడు. గ్లెనిస్ తన బర్గర్ ఆఖరి ముక్క దాకా తిని, వేళ్ళు తుడుచుకుంది.

"ఇలాంటి బర్గర్ ఈ జిల్లాలో నేను తినలేదు. లోపలి దాకా ఉంది రుచి. ఏం వేశావు?"

పైపైన ఉప్పు అని చెబుదామా అంటే ఈ బిళ్ళల పైన ఉప్పు లేదు. లోపల ఉంది అంటే ఎదురుగా వాల్ ఉన్నాడు. లీత్, మాంసాన్ని విశ్రాంతిగా వదిలేయాలి, అదే రహస్యం అన్నాడు.

"విశ్రాంతా నా తలకాయా," అంది ఎల్సీ కేకు తింటూ. "నేను మూడు గరిటెల వెజిమైట్ వేశాను."

నోరీన్ వచ్చి లీత్ భుజం మీద చెయ్యి వేసింది. గుప్పెడు ఉప్పు సంగతి మాత్రం ఎత్తలేదు.

గ్లెనిస్ అక్కడికక్కడే నిర్ణయం ప్రకటించింది, జనం చప్పట్లు కొట్టారు. వచ్చే శనివారం నుంచి మైదానం పక్కన కుర్చీ వేసుకుని ఎల్సీ పట్టకారు పుచ్చుకుంటుంది, అల్లుడు ఉల్లిపాయలు వేయిస్తాడు. ఉల్లిపాయల గురించి ఊళ్ళో ఇంతవరకు ఎవరికీ సిద్ధాంతం లేదు కాబట్టి, లీత్ ఒకటి మొదలుపెట్టాడు.