డాంగిల్ దొరికింది

ఆ ఆదివారం పొద్దున కళ్యాణి వేసుకున్న పథకం చాలా సులువైనది. ఖమ్మంలో ఒక డాంగిల్ కొనాలి, స్కూటీ మీద చండ్రుగొండ దాటి తాను పుట్టిన తండాకు చేరాలి, వాన పట్టుకోకముందే దాన్ని వాగు పక్కనున్న స్తంభానికి బిగించాలి. అంతే.

పోయిన వానాకాలం స్కూలు ఆటో వాగు మధ్యలో ఆగిపోతే, పిల్లల్ని భుజాల మీద మోసుకొచ్చిన వాళ్లలో ఆమె తండ్రి మంగీలాల్ ఒకడు. ఆ సంగతి విన్న దగ్గర్నుంచి కళ్యాణికి నిద్ర సరిగా లేదు. ఖమ్మంలో ఒక కాలేజీలో ఎలక్ట్రానిక్స్ పాఠాలు చెప్పే ఆమె, పాఠాలు అయ్యాక కూర్చుని ఒక్కొక్కటే కూర్చింది. అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, ఒక కెమెరా, ఒక బ్యాటరీ, ఒక సోలార్ పలక. ఇవన్నీ కలిసి వాగు ఫొటో తీసి, పిల్లలు బయల్దేరకముందే తండా ఫోన్లకు పంపిస్తాయి. ఆ ఫొటోను గాలిలోకి ఎక్కించడానికి సిమ్ వేసే డాంగిల్ ఒక్కటే తక్కువైంది.

"ఏ డాంగిలైతేంది మేడం, గుచ్చితే పనిచేస్తది," అన్నాడు సెల్‌షాపు శ్రీనివాస్, ఒకటి కౌంటర్ మీద పడేస్తూ.

కళ్యాణి బ్యాగులోంచి బోర్డు తీసి అక్కడే గుచ్చి చూసింది. "అన్నా, ఇది డాంగిల్నని చెప్తలేదు. సీడీనని చెప్తున్నది."

"అబద్ధం ఎందుకు చెప్తది మేడం?"

"పెద్ద కంప్యూటర్ల కోసం దీని కడుపుల సాఫ్ట్‌వేర్ దాచి అమ్ముతరు. ముందు అదే బయటపెడుతది. దీని మనసు మార్చే ఉపాయం ఉన్నది గని, వానల స్తంభం మీద ఉండేదాన్ని రోజూ ఎవరు బుజ్జగిస్తరు? ఇంకోటి చూపియ్యి."

రెండోది నిజమే చెప్పింది గానీ, దానికి ఒక్క కంపెనీ సిమ్ తప్ప మరొకటి గిట్టదు. అడవి వైపు ఉన్న టవరేమో వేరే కంపెనీది. ఇంకోదానికి బయట యాంటెన్నా తగిలించే చోటే లేదు. శ్రీనివాస్ మొదట విసుక్కున్నాడు, తర్వాత కుర్చీ వేశాడు, ఆ తర్వాత మెట్లెక్కి అటక మీది అట్టపెట్టెలన్నీ దించాడు. రీచార్జికి వచ్చిన వాళ్లు వెళ్లడం మానేసి చుట్టూ నిలబడ్డారు. కళ్యాణి ఒక్కో డాంగిల్‌నూ పెళ్లిచూపుల్లో కూర్చోబెట్టినట్టు కూర్చోబెట్టి ప్రశ్నలు అడుగుతుంటే, అది ఎందుకు పనికిరాదో చెప్పే తీరుకు జనం తలలూపారు.

చివరికి అట్టపెట్టె అడుగున నల్లటిది ఒకటి దొరికింది. గుచ్చగానే బోర్డు స్పృహ తప్పింది. కళ్యాణి నవ్వింది.

"పోయిందా మేడం?" అన్నాడు శ్రీనివాస్ భయంగా.

"పోలే. దీని ఆకలికి బోర్డు ఇచ్చే కరెంటు సరిపోతలేదు." బ్యాటరీ నుంచి దానికి వేరే తీగ వేసింది. డాంగిల్ దీపం వెలిగింది. ఏ సాఫ్ట్‌వేరూ అడగకుండా, తానొక నెట్ వైరునన్నట్టు బోర్డుతో కలిసిపోయింది. రీచార్జి జనం చప్పట్లు కొట్టారు.

అంతలో మంగీలాల్ ఫోను. తండాలో సిగ్నల్ కావాలంటే ట్రాక్టర్ ట్రాలీ ఎక్కాలి. ఎక్కినా సగం మాటలే వస్తాయి.

"బాపూ, డాంగిల్ దొరికింది."

గరగర. "దొరికిందా? నిజంగనా?"

"అవ్. పొద్దటి నుంచి తిరిగితే ఇప్పుడు దొరికింది."

"ఎట్లున్నది బిడ్డా?"

"నల్లగ, పొట్టిగ ఉన్నది."

"ఏ ఊరిది?"

"చైనాది."

అవతల మళ్లీ గరగర. "అంత దూరం నుంచి వచ్చిందా."

"అన్నీ ఆడికెల్లే వస్తయి బాపు. మొదట మాట్లాడలే. కరెంటు ఎక్కువ పెట్టినంక మాట్లాడింది."

"కరెంటు... నువ్వే పెట్టినవా?"

"నేనే. ఇప్పుడు తీసుకొస్తున్న. వాగు కాడి స్తంభానికి కట్టాలె, గట్టి తాడు చూసి పెట్టు. ఈ వానకాలమంతా గాడనే ఉంటది."

"అన్నం?" అని వినిపించింది. తన అన్నం గురించే అనుకుని "వచ్చి తింట" అంది కళ్యాణి. లైను తెగిపోయింది. తండాలో నెల రోజులుగా పొలాల మోటారు స్టార్టర్లను ఎవరో వరుసగా ఎత్తుకుపోతున్న సంగతి ఆమెకు తెలుసు. ఆ క్షణాన గుర్తు లేదంతే.

వాగు దగ్గర స్కూటీ ఆపేసరికి తండా అంతా అక్కడే ఉంది. ఒకవైపు సోమ్లా, భుజాన తాడు చుట్టతో. స్టార్టర్ పోయి మిరప తోట ఎండిన మనిషి అతను. మరోవైపు ఆడవాళ్లంతా స్తంభాన్ని చుట్టుముట్టి కూర్చున్నారు. వాళ్ల ముందు కళ్యాణి తల్లి మోతీ, ఒక చేతిలో టిఫిన్ డబ్బా, ఒక చేతిలో పాత చీర.

"యాడున్నది ఆమె?" అంది మోతీ.

"ఎవరమ్మా?"

"దొంగైతే ఏంది, ఆడమనిషి. దేశంగాని దేశం వచ్చింది. నిన్ను గింత చదివించింది ఆడమనిషికి కరెంటు పెట్టేతందుకా? మేము లేస్తేగద ఈ స్తంభానికి కట్టేది."

మంగీలాల్ తల ఎత్తలేదు. ఊరంతటికీ గర్వంగా చెప్పుకున్న కూతురు ఇంత కఠినురాలని ఆయన ఊహించలేదు. "నేను తాడు తెమ్మనలే," అన్నాడు నెమ్మదిగా. "సోమ్లానే తెచ్చిండు."

కళ్యాణికి ఒక్కసారిగా ఫోను మాటలన్నీ వెనక్కి తిరిగి వినిపించాయి. గరగరలో తన డాంగిల్ బాపు చెవికి దొంగై చేరింది. నోరు తెరిచేలోగా జనం వెనక నుంచి ట్రాలీ ఆటో ఒకటి వచ్చి ఆగింది. మోటార్లు బాగుచేసే గోపాలు దిగాడు. ముఖం పాలిపోయి ఉంది. ట్రాలీ మీది పట్టా లాగాడు. కింద వరుసగా స్టార్టర్ డబ్బాలు.

"ఆమె ఎవరో నాకు తెల్వదు," అన్నాడు. "ఏం ఒప్పుకున్నదో తెల్వదు. కరెంటు పెడితే ఎవరైన ఒప్పుకుంటరు. ఇవి నేనొక్కణ్ణే తీసిన. బాకీలోళ్లు మీద పడితే బుద్ధి గడ్డితిన్నది. అమ్మనీకి చేతులు రాలే, కొట్టంల దాచిన. నా పాపానికి ఆమెను కట్టెయ్యకుండ్రి. నన్ను కట్టుండ్రి."

సోమ్లా తాడు భుజం మీంచి జారి కింద పడింది. అందరూ స్కూటీ వెనక సీటు వైపు చూశారు. అక్కడ ఎవరూ లేరు.

కళ్యాణి బ్యాగు తెరిచి వేలెడంత నల్లటి వస్తువును పైకెత్తి చూపింది. "ఇదే బాపు, దొరికింది. డాంగిల్."

మంగీలాల్ దాన్ని చూశాడు. మోతీ చేతిలోని చీరను చూసుకుంది. గోపాలు మాత్రం డాంగిల్ వంకే చాలాసేపు చూసి, ట్రాలీ అంచు మీద కూలబడ్డాడు. "గిదా," అన్నాడు.

నవ్వు ఎవరు మొదలుపెట్టారో తెలియదు గానీ, ఆఖరికి సోమ్లా కూడా ఆపుకోలేకపోయాడు. నవ్వు తగ్గాక అతనే లేచి తన స్టార్టర్ వెతుక్కుని ఒళ్లో పెట్టుకున్నాడు. "ఇయ్యాల్నే ఎవరివి వాళ్లకు బిగించి రావాలె," అన్నాడు. "తర్వాత నీ బాకీ సంగతి కూసోని మాట్లాడుదాం." గోపాలు తలూపాడు. మోతీ టిఫిన్ డబ్బా తెచ్చి అతని పక్కన పెట్టింది. "ముందు తిను. ముక్కూ మొగం తెల్వని ఆడదాని కోసం నిలబడ్డవు. దొంగతనం దొంగతనమే, ఇది వేరే."

కళ్యాణి అతన్ని తేరిపార చూసింది. తప్పించుకోవడానికి అన్ని దారులూ ఉన్న మనిషి, ఎవరో తెలియని మనిషి నొప్పి ఊహించుకుని తనంతట తానే వచ్చాడు. ఆ పని తన వల్ల అయ్యేదో కాదో ఆమెకు నమ్మకంగా తెలియలేదు. తల్లి వైపు చూసింది. దొంగ కోసం చీర తెచ్చిన తల్లి. బ్యాగు భుజాన వేసుకుని స్తంభం దగ్గరికి నడిచింది.

తాడు ఎలాగూ ఉంది గనక, బోర్డు, కెమెరా, డాంగిల్ సర్దిన పెట్టెను స్తంభం పైదాకా దానితోనే లాగారు. సోమ్లా కింద పట్టుకున్నాడు, గోపాలు నిచ్చెన ఎక్కి బోల్టులు బిగించాడు, కళ్యాణి యాంటెన్నాను అడవి టవరు వైపు తిప్పింది. డాంగిల్ కాసేపు ఎర్రగా వెలిగింది, కాసేపు ఆలోచించింది, పచ్చబడింది. సిగ్నల్ కోసం ఆటో ట్రాలీ ఎక్కి నిలబడ్డ మంగీలాల్ ఫోను టింగుమంది.

"ఫొటో వచ్చింది బిడ్డా," అన్నాడాయన. ఫోను చేతులు మారుతూ తండా అంతా తిరిగింది. అది పనిచేస్తుందన్న విషయంలో ఎవరికీ అనుమానం మిగల్లేదు.

వాగు ఎంత ఎత్తున పారుతోందో మాత్రం ఆ ఫొటోలో తెలియలేదు, ఎందుకంటే కెమెరాకు అడ్డంగా తండా నిలబడి ఉంది.