తువ్వాలు కింద చెయ్యి

ఆ సోమవారం పొద్దున పూర్ణచంద్రరావు చెయ్యవలసిన పనులు మూడే. రేపల్లె రైలెక్కాలి, అక్కడ బసవేశ్వరరావు గారనే పెద్ద రైతుకు ఆయిల్ ఇంజను అమ్మాలి, సాయంత్రానికి తెనాలి తిరిగొచ్చి ఉద్యోగం నిలబెట్టుకోవాలి. వీటిలో మొదటిది తనవల్ల అవుతుందని అతనికి నమ్మకం ఉంది. మిగిలిన రెండూ దేవుడి మీద వదిలేశాడు.

భార్య కుసుమకుమారి పెరుగన్నం క్యారేజీలో సర్దుతూ అతని వంక చూసింది.

"ఏంటండీ, చొక్కా తిరగేసి తొడుక్కున్నారు?"

"అవునండి," అన్నాడు పూర్ణచంద్రరావు.

"నన్ను పట్టుకుని అండీ అంటారేంటి? ఒంట్లో బాగానే ఉందా?"

"అవునండి. ప్రాక్టీసు చేస్తున్నానే. ఇవాళంతా ఎవరేమన్నా ఇదే అనాలిట."

కుసుమకుమారి చొక్కా విప్పించి, సరిగ్గా తొడిగించింది. వారం రోజులుగా మొగుడి వాలకం అట్లాగే ఉంది.

అంతకీ దీనికంతటికీ మూలం ప్రకాశరావు గారు. కాలవ పక్కన ఇంజన్లూ పంపుసెట్లూ అమ్మే కొట్టు ఆయనది. పూర్ణచంద్రరావు అందులో సేల్స్‌మన్. రెండేళ్లుగా ఆ ఉద్యోగం చేస్తున్నాడు గాని, ఎవరైనా కొనడానికి వస్తే ముందు అతనికే గుండె దడ పట్టుకునేది. వచ్చినవాళ్లు బేరమాడితే పోనీలెండి అనేవాడు, వెళ్లిపోతామంటే మంచిదండి అనేవాడు. ప్రకాశరావు గారు రెండేళ్లు ఓపిక పట్టి, కిందటి వారం బాపట్ల వెళ్లి, మద్రాసు నుంచి వచ్చిన ఒక పెద్దమనిషి చెప్పిన క్లాసు విని వచ్చారు. ఎదుటివాణ్ణి మాటతో ఒప్పించే విద్య అట. తిరిగి రాగానే పూర్ణచంద్రరావును ఎదురుగా నిలబెట్టుకుని ఆ విద్య మొత్తం ధారపోశారు.

"మూడే సూత్రాలయ్యా. ఒకటి, పార్టీ కనిపించగానే చెయ్యి పట్టుకోవాలి. గట్టిగా పట్టుకుని ఊపాలి. సరే అనేదాకా వదలకూడదు. రెండు, అతను ఏమన్నా సరే అవునండి అనాలి. కాదన్నావా, బేరం పోయినట్టే. మూడు, అతనిది ఏది కంటపడితే దాన్ని పొగడాలి. అర్థమైందా?"

"అవునండి."

"అదీ! షెడ్డులో పెద్ద ఇంజనుంది చూశావుగా, అది బసవేశ్వరరావు గారికి చేరాలి. సోమవారం సాయంత్రానికి బేరం కుదరకపోతే మంగళవారం నుంచి నువ్వు రానక్కర్లేదు."

ఉద్యోగం పోతే చేబ్రోలు పోయి మామగారి కిరాణా కొట్లో పొట్లాలు కట్టాలి. మామగారు మంచివాడే గాని, కొట్టుకు వచ్చిన ప్రతివాడికీ "మా అల్లుడు, తెనాలిలో నెగ్గుకు రాలేకపోయాడు" అని పరిచయం చేసే మనిషి. ఆ మాట రోజుకు ఎన్నిసార్లు వినాల్సి వస్తుందోనన్న ఆలోచనతోనే పూర్ణచంద్రరావుకు రైలు ప్రయాణమంతా గడిచింది.

రేపల్లెలో బసవేశ్వరరావు గారి ఇంటికి వెళ్తే, ఆయన పశువుల సంతకు వెళ్లారని చెప్పారు. సంత అనగానే పూర్ణచంద్రరావు వెనక్కి తిరిగిపోదామా అనుకున్నాడు. కొమ్ములున్న దేన్ని చూసినా అతనికి భయమే. బడిపంతులు కొడుకుగా తెనాలి వీధుల్లో పుట్టి పెరిగినవాడు, ఎద్దును చూస్తే అవతలి పక్కకు దాటుకుని నడిచేవాడు, పశువుల సంతలో ఏనాడూ అడుగు పెట్టలేదు. పెట్టి ఉంటే ఈ కథ ఉండేది కాదు.

ఎందుకంటే ఆ సంతలో బేరం నోటితో జరగదు. అమ్మేవాడూ కొనేవాడూ చేతులు కలుపుతారు, దళారి పైన తువ్వాలు కప్పుతాడు. ఆ తువ్వాలు చాటున ఒకరి వేళ్లు ఒకరు పట్టుకుని ధర చెప్పుకుంటారు. ఇన్ని వేళ్లయితే ఇంత, కణుపు నొక్కితే ఇంత తక్కువ. చుట్టూ ఉన్నవాళ్లకు అంతు చిక్కదు. అంతా అయ్యాక నచ్చినవాడు అవతలివాడి అరచెయ్యి మొత్తం పట్టుకుని ఒక్క ఊపు ఊపితే, నువ్వు అడిగిన ధరకే తీసుకున్నానని అర్థం. ఆ తరవాత వెనక్కి తగ్గినవాడు మళ్లీ సంతలో తలెత్తుకు తిరగలేడు.

పూర్ణచంద్రరావు ఎద్దుల మధ్య నుంచి పంచె ఎగ్గట్టుకుని, ఊపిరి బిగబట్టి, ఎట్లాగో నడిచి వెళ్లేసరికి బసవేశ్వరరావు గారు ఒక తెల్లటి ఎద్దు పక్కన నిలబడి ఉన్నారు. ఆరడుగుల మనిషి, మీసాలు, ఆ ఎద్దును కొనేవాడి కోసం కుడిచెయ్యి ముందుకు చాచి ఉంది. ఆ చేతి మీద తువ్వాలు. పక్కన సైదావలి అనే దళారి.

"ఎవరు బాబూ నువ్వు?"

పూర్ణచంద్రరావుకు సూత్రాలు గుర్తున్నాయి గాని మాటలు గుర్తు లేవు. చాచి ఉన్న చెయ్యి ఒక్కటే కనిపించింది. తువ్వాలు కిందికి తన చెయ్యి దూర్చి, ఆయన అరచెయ్యి మొత్తం గట్టిగా పట్టుకుని, ప్రకాశరావు గారు నేర్పినట్టే ఊపాడు. ఒకసారి కాదు, మూడుసార్లు.

సైదావలి నోరు తెరిచాడు. ఇరవై ఏళ్లుగా దళారీ చేస్తున్నాడు గాని, ఒక్క వేలు కూడా బేరమాడకుండా నేరుగా చెయ్యి పట్టి ఊపినవాణ్ణి అతను చూడలేదు.

"నచ్చిందా బాబూ?" అన్నారు బసవేశ్వరరావు గారు, నమ్మలేక.

"అవునండి."

"పళ్లు చూసుకోవా? నడక చూసుకోవా?"

"అవునండి. అబ్బే, అక్కర్లేదండి. భలే ఎద్దండి. కొమ్ములు భలేగా ఉన్నాయండి." ఆ కొమ్ముల వంక చూడకుండానే పొగిడాడు.

"ఎవరి తరఫున వచ్చావు?"

"తెనాలి ప్రకాశరావు గారండి."

"ఇంజన్ల ప్రకాశరావు గారా! ఆయన ఎద్దు కొంటున్నారా?"

కాదనకూడదు. కాదంటే బేరం పోతుంది. "అవునండి," అన్నాడు పూర్ణచంద్రరావు.

"అయిపోయిందహో!" అని అరిచాడు సైదావలి. చుట్టుపక్కల నలుగురూ చప్పట్లు కొట్టారు. ఎందుకు కొడుతున్నారో తెలుసుకునేలోపే పూర్ణచంద్రరావు చేతిలో పలుపు పడింది. దాని రెండో కొస ఎద్దు మెడకు ఉంది.

అప్పుడు తెలిసింది అతనికి ఏం జరిగిందో. సైదావలి తువ్వాలు దులుపుకుంటూ సంగతంతా ముచ్చటగా వివరించాడు కూడా. "ఒకసారి ఊపితే ఖాయమండి. తమరు మూడుసార్లు ఊపారు. ఇహ దేవుడొచ్చినా తిరగదండి."

ఇంజను అమ్మడానికి వచ్చి ఎద్దును కొన్నాడు. అదీ యజమాని పేరు మీద. పూర్ణచంద్రరావు కళ్ల ముందు చేబ్రోలు కొట్టు కూడా మసకబారింది. ఇది ఉద్యోగంతో పోయే సంగతి కాదు, పోలీసు స్టేషన్ దాకా వెళ్లే సంగతిలా ఉంది.

"నా ఊక లారీ తెనాలి పోతోంది. ఎద్దును అందులోనే తోలుకుపోదాం. నేనూ వస్తా, ప్రకాశరావు గారిని చూసి చాలా రోజులైంది," అన్నారు బసవేశ్వరరావు గారు. కమీషను కోసం సైదావలి కూడా ఎక్కాడు. వాళ్లిద్దరూ ముందు డ్రైవరు పక్కన కూర్చున్నారు. వెనక ఊక మీద ఎద్దు, ఎద్దు పక్కన పూర్ణచంద్రరావు.

ఎద్దు వేడి ఊపిరి మెడ మీద తగులుతుంటే అతను దారంతా కళ్లు మూసుకునే ఉన్నాడు. భట్టిప్రోలు దాటేదాకా దేవుళ్లను తలుచుకున్నాడు. తరవాత ధైర్యం తెచ్చుకుని, ప్రకాశరావు గారికి ఏం చెప్పాలో ఎద్దుకే చెప్పి చూసుకున్నాడు. "అయ్యా, పొరపాటు జరిగిందండి," అన్నాడు. ఎద్దు తల విదిలించింది. అతను లారీ అంచుకు కరుచుకుపోయి, ఆ ముక్క వదిలేసి ఇంకో రకంగా మొదలుపెట్టాడు. వేమూరులో టీకి ఆగినప్పుడు బసవేశ్వరరావు గారు తొంగిచూసి, "ఏం బాబూ, హాయిగా ఉందా?" అన్నారు. నిజం చెప్పడానికి అంతకంటే మంచి సమయం దొరకదని తెలిసి కూడా, పూర్ణచంద్రరావు నోరు "అవునండి" అంది.

లారీ కొట్టు ముందు ఆగింది. అందులోంచి దిగుతున్న బసవేశ్వరరావు గారిని చూసి ప్రకాశరావు గారు ఎదురు పరిగెత్తుకొచ్చారు.

"సాధించావయ్యా పూర్ణచంద్రరావ్! పార్టీని వెంటబెట్టుకునే వచ్చావు!"

"పార్టీనీ, ఎద్దునీ కూడా అండి," అన్నాడు సైదావలి. "తమ ఎద్దేనండి. మీ గుమాస్తా గారు మీ పేరు మీద కొన్నారండి."

ప్రకాశరావు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. అంతలో లారీ దిగిన ఎద్దు, చెమట పట్టిన పూర్ణచంద్రరావు చేతిలోంచి పలుపు జారడంతో, సరాసరి కొట్లోకి వెళ్లింది. బెంచీ పడిపోయింది. గోడకు ఆనించిన పైపులు గలగలా దొర్లాయి. ప్రకాశరావు గారు పంచె కుచ్చెళ్లు చేత్తో పట్టుకుని షెడ్డులోకి పరిగెత్తి పెద్ద ఇంజను మీదికి ఎక్కారు. ఎద్దు దాని చుట్టూ ఒకసారి తిరిగి, అక్కడే నిలబడింది.

ఏమైనా ఆయన బాపట్లలో క్లాసు విన్న మనిషి. ఇంజను మీద గొంతుక్కూర్చునే చిరునవ్వు తెచ్చుకున్నారు. లోపలికి వచ్చిన బసవేశ్వరరావు గారి చెయ్యి పైనుంచే అందుకుని గట్టిగా పట్టుకున్నారు.

"భలే ఎద్దండి," అన్నారు ఎద్దును చూస్తూ.

"దీని జత ఇంకోటి ఇంటి దగ్గరుందండి," అన్నారు బసవేశ్వరరావు గారు ఆశగా. "విడదీయడం దేనికండీ?"

"అవునండి," అన్నారు ప్రకాశరావు గారు. కాదంటే బేరం పోతుంది కదా.

రెండు చేతులు కలిసి కనిపించేసరికి సైదావలి అలవాటు ఊరుకోలేదు. చప్పున వచ్చి తువ్వాలు కప్పాడు. తువ్వాలు కింద ప్రకాశరావు గారి చెయ్యి అరచేతిని మొత్తం పట్టుకుని ఊపడానికి పైకి లేస్తోంది.

"ఊపకండి!"

అరిచింది ఎవరా అని అందరూ చూశారు. పూర్ణచంద్రరావు. అంత గొంతు తనకుందని అతనికే తెలియదు. ఇక మొదలుపెట్టాక ఆపుకోవడం అతనివల్ల కాలేదు.

"ఊపకండి సార్, ఊపితే రెండో ఎద్దు కూడా వస్తుంది! నేనట్లా ఊపే దీన్ని తెచ్చాను. బసవేశ్వరరావు గారూ, ఈ ఎద్దు మాకొద్దండి. నాకు ఎద్దులంటే భయమండి. మీరంటే భయం, మా సారంటే ఇంకా భయం. నేనొచ్చింది ఇంజను అమ్మడానికండి. ఆ ఇంజనైనా మీకు అక్కర్లేదండి. ఆర్నెల్లుగా ఎవరూ కొనక షెడ్డులో పడుంది, మీకు అంటగట్టమన్నారు. మీ పొలానికి చిన్నది చాలునండి. అంతేనండి. చంపేస్తే చంపెయ్యండి."

ప్రకాశరావు గారు తాను కూర్చున్న ఇంజను వంకా, పూర్ణచంద్రరావు వంకా చూశారు. పూర్ణచంద్రరావు కళ్లు గట్టిగా మూసుకుని నిలబడ్డాడు. చెంపదెబ్బ ఎటునుంచి వస్తుందో తెలియక రెండు చెంపలకూ చేతులు అడ్డం పెట్టుకున్నాడు.

వచ్చింది దెబ్బ కాదు, నవ్వు. బసవేశ్వరరావు గారు పొట్ట పట్టుకుని నవ్వుతున్నారు.

"ఓరి నీ భయం బంగారం గానూ! నువ్వింత చెప్పాక నేను దాచడం మర్యాద కాదు. ఈ ఎద్దూ ఆర్నెల్లుగా ఎవరూ కొనకే నా కొట్టంలో పడుంది. పొడుస్తుంది. దాని జత ఉందే, అది కాడి మెడ మీద పడగానే పడుకుంటుంది."

పొడుస్తుందని వినగానే ప్రకాశరావు గారు ఇంజను మీద ఇంకో మెట్టు పైకి జరిగారు. సైదావలి నిట్టూర్చి తువ్వాలు భుజాన వేసుకున్నాడు.

"లోపం దాచిన బేరం సంతలో చెల్లదండి. ఇది రద్దండి. నా కమీషను కూడా రద్దేనండి," అన్నాడు దిగులుగా.

"నీ కమీషను నేనిస్తాలే," అన్నారు బసవేశ్వరరావు గారు. "రెండేళ్లుగా ఇంజన్ల వాళ్లు వచ్చి నా చెవులు తూట్లు పొడిచారు. ఇది నీకక్కర్లేదని చెప్పిన మొనగాణ్ణి ఇవాళే చూశాను. ఏదయ్యా ఆ చిన్న ఇంజను? లారీ ఎక్కించండి. మా తమ్ముడికీ ఒకటి కావాలి, అదీ ఎక్కించండి."

లారీ ఒక ఎద్దుతోనూ రెండు ఇంజన్లతోనూ వెళ్లిపోయింది. ప్రకాశరావు గారు కిందికి దిగి, పంచె సవరించుకుని, కొట్లో అటూ ఇటూ పచార్లు చేశారు. పూర్ణచంద్రరావు దొర్లిన పైపులను ఒక్కొక్కటే గోడకు ఆనిస్తూ, ఆ పని ఎప్పటికీ అయిపోకుండా ఉంటే బాగుండునని కోరుకున్నాడు. చివరికి ఆయన వచ్చి ఎదురుగా నిలబడ్డారు.

"అంటగట్టమన్నారని నలుగురిలో అనేశావు."

"అవునండి."

"అన్నందుకు ఒకటి అమ్మబోతే రెండు అమ్ముడుపోయాయి." ప్రకాశరావు గారి కళ్లు మెల్లగా మెరిశాయి. "ఆ మద్రాసు ఆయనకు ఈ సూత్రం తెలియదయ్యా. వచ్చే ఆదివారం బాపట్లలో డీలర్ల సభ ఉంది. రెండొందల మంది వస్తారు. నువ్వు స్టేజీ ఎక్కి, మైకు ముందు నిలబడి, ఒప్పించడం ఎట్లాగో ఒక గంటసేపు చెప్పాలి. నీ పేరు ఇప్పుడే ఇచ్చేస్తున్నాను."

పూర్ణచంద్రరావు చేతిలోని పైపు కింద పడింది. "సార్, నావల్ల కాదండి. అంతమందిలోనా? నాకు చచ్చేంత భయమండి, కాళ్లు వణుకుతాయండి, మాట రాదండి..."

"అద్గదీ!" అన్నారు ప్రకాశరావు గారు అతని భుజం తట్టి. "సరిగ్గా ఇట్లాగే మొదలుపెట్టు."

ఉద్యోగమైతే నిలబడింది గాని, పూర్ణచంద్రరావే నిలబడలేక కొట్టు మెట్ల మీద కూలబడ్డాడు.