ప్రకటనల పెట్టె తాళభేదనం

మధ్యాహ్న మార్తాండుడు పడమటి కిటికీలకు మరలి చట్టసంపుటాల వెన్నులపై బంగారు ధూళి చల్లుతుండగా, గడియారపు చిన్నముల్లు నాలుగును విడిచి ఐదుపైకి దండెత్తుతుండగా, పంకాల ఘర్ఘరధ్వనియే రణభేరిగా, ప్రజా న్యాయ గ్రంథాలయపు వరండాలో ఒక ఘోరసంగ్రామం సంప్రాప్తించింది.

అది అద్దెదారుల హక్కుల వారోత్సవంలో తొలిదినం. సహస్రసంపుటరక్షకుడు, ‘ష్’ అనే ఏకాక్షర మహాస్త్రంతో వాచాలురైన వకీళ్లను సైతం మూగవారిని చేయగల గ్రంథపాలకుడు, ఆనాటి న్యాయవార్తాపత్రం చేతబట్టి బయటికి వేంచేశాడు. గోడనున్న అద్దాల పెట్టె ముందు ఒక దర్జీ నిలబడి, పోయిన నెల ప్రకటన చదువుకుంటోంది.

“ఖాళీ నోటీసులపై అభ్యంతరాల గడువు నిన్నటితో సరి,” అందామె నీరసంగా. “సాయంత్రం షాపు ఖాళీ చేసేస్తాను సార్. ఇరవై ఏళ్ల షాపు.”

“గడువు అయిపోలేదమ్మా. నెలాఖరు దాకా పెంచారు. ఇదిగో, పొద్దున్నే వచ్చింది.”

ఆమె కాగితాన్ని చూసింది, అద్దాన్ని చూసింది. “పోయినసారీ ఒకాయన ఇలాగే చేతిలో కాయితం చూపించాడు. నమ్మి సంతకం పెట్టాను. అందుకే కదా ఇంతదాకా వచ్చింది. నాకు అద్దంలో ఉన్నదే లెక్క.”

ఆ మాట వీరుని గుండెలో గునపమై దిగింది. తాళంచెవి దూసి, త్రుప్పుకవచధారియైన ఆ తాళంపై లంఘించాడు. చెవి సగం తిరిగి మొరాయించింది. గోడకు కాలు తన్ని, పళ్లు బిగించి, కళ్లజోడు ముక్కు కొసకు జారగా పెనుగులాడాడు. తాళం అంగుళమైనా చలించలేదు. అంతట ఆయన గర్జించాడు:

“ఓరి లోహాధమా, చట్టములు సడలినను సడలని నీ మంకుపట్టు ఒక కష్టజీవి కడుపు కొట్టుచున్నది. దారి విడువుము, లేనిచో వడ్రంగిని రప్పించెదను.”

“ఎవరితో సార్?”

“తాళంతోనమ్మా.”

“వింటుందా?”

“ఇంతవరకు వినలేదు.”

“కొంచెం జరగండి,” అంటూ ఆమె సంచిలోంచి కుట్టుమిషను నూనెబుడ్డి తీసి, తాళంలో రెండు చుక్కలు వదిలింది. “బలవంతం చేస్తే సూదైనా విరుగుతుంది సార్. కాసేపు ఆగాలి.”

సముద్రాలను లంఘించడం సులభం, ఊరకుండడం దుర్భరం. అయినా ధీరుడు చేతులు కట్టుకుని నిలిచాడు. ఆపై చెవిని మెల్లగా తిప్పాడు. టక్.

పాత ప్రకటన నేలకూలింది. కొత్తది పెట్టెలోకెక్కింది. ఆయన తలుపు మూశాకే ఆమె అద్దంమీద వేలుపెట్టి, కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివింది. “నెలాఖరు వరకు.” నూనెబుడ్డి సంచిలో వేసుకుంది. “అయితే ఖాళీ చెయ్యను. అర్జీ ఎక్కడ రాయాలి సార్?”

“లోపలికి రండమ్మా. కుర్చీ వేస్తాను.”

ఎల్లరును ఆలకింపుడు: ఐదు గంటలకు పదకొండు నిమిషముల ముందు, నాలుగు గుండుసూదుల సాక్షిగా, ఎడమవైపునకు ఇంచుక వాలినదైనను, ఒక కాగితము అద్దము వెనుకకు చేరెను. జయము గ్రంథపాలకునిదే, అందు రెండు చుక్కలు దర్జీవి.