పెరట్లో బ్రెజిల్, తొంభై రెండు శాతం

చెట్టు పేరు తెలియకపోతే మనిషిని అడగడమంత వెనకబాటుతనం ఇంకొకటి లేదు! మనిషి ఏం చేస్తాడు? ఒక్క పేరు చెప్పి ఊరుకుంటాడు. అదే ఫోన్‌ని అడగండి. పొద్దున ఒక పేరు, మధ్యాహ్నం ఒక పేరు, మబ్బు పడితే మరో పేరు. ఒక్క చెట్టుతో తోట పెంచినంత పుణ్యం దక్కుతుంది. ఇంతటి వరాన్ని పట్టుకుని కొందరు న్యూసెన్స్ అంటున్నారంటే అది వాళ్ళ ఖర్మ!

నమ్మకం లేకపోతే రాజాం వెళ్ళి నగరేశ్వరరావు గారిని చూడండి. ఆయనది పచారీ కొట్టు. శొంఠి, పిప్పళ్ళు, కరక్కాయ, తానికాయ... నలభై ఏళ్ళుగా అక్కడ దొరకని మూలిక లేదు. చుట్టుపక్కల ఎవరు త్రిఫల చూర్ణం కొట్టుకోవాలన్నా ఆయన కాటా దగ్గరికి రావాల్సిందే. కళ్ళు మూసుకుని, వాసన చూసి సరుకు చెప్పగల మనిషి.

ఆయన ఇంటి పెరట్లో ఒక చెట్టుంది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పోయలేదు. పద్దెనిమిదేళ్ళలో డాబాని దాటిపోయింది. దాని పేరు ఇంట్లో ఎవరికీ తెలియదు, తెలియలేదన్న దిగులూ లేదు. ఆయన భార్య కమలాదేవి గారికి మాత్రం అన్నాలయ్యాక దాని కింద మంచం వాల్చుకుంటే గానీ రోజు గడవదు. మోకాళ్ళ నొప్పులతో వీధి గుమ్మం దాటలేని మనిషి. ఆవిడకి ఊరూ ఆ నీడే, షికారూ ఆ నీడే.

ఇలా ఉండగా, డాబా మీద మరో గది వేద్దామని వాస్తు చూడటానికి సిద్ధాంతి గారిని పిలిచారు. ఆయన గది సంగతి వదిలేసి చెట్టుని పట్టుకున్నారు.

"పేరు తెలియని చెట్టు ఇంట్లో ఉండకూడదండీ. పేరు చెప్పండి, ఉంచాలో కొట్టాలో చెబుతాను. గురువారానికి తేలకపోతే కొట్టించేయడమే!"

"కొట్టేస్తే మద్దేనం నేనెక్కడ కూసోవాలి? ఆ సిద్ధాంతి గారి నెత్తి మీదా?" అన్నారు కమలాదేవి గారు, ఆయన వెళ్ళాక. అంటూనే కొంగుతో కళ్ళు ఒత్తుకున్నారు. సిద్ధాంతి గారి మాటంటే నగరేశ్వరరావు గారికి భయం. భార్య కన్నీళ్ళంటే అంతకన్నా భయం.

కోడలు అనూరాధ చెట్ల పేర్లు చెప్పే ఆప్ ఒకటి ఆయన ఫోన్‌లో వేసింది. ఫొటో తీస్తే చాలు! సోమవారం పొద్దున తీస్తే మహాగని అంది. సాయంత్రం తీస్తే రబ్బరు చెట్టు. కింద రాలిన పచ్చికాయని అరచేతిలో పెట్టుకుని తీస్తే బంగాళాదుంప అంది. కాయని గోడ పక్కకి గిరాటేసి, చెట్టుని వెనక నుంచి మళ్ళీ తీశారు. బ్రెజిల్ నట్! అమెజాన్ అడవుల చెట్టు! తొంభై రెండు శాతం!

తొంభై రెండు శాతం అంటే మాటలా? మన పిల్లలకి అన్ని మార్కులొస్తే ఫ్లెక్సీలు కట్టమూ?

మంగళవారానికి కబురు ఊరంతా పాకింది. పొందూరు నుంచి వియ్యాలవారు వచ్చి చెట్టుతో సెల్ఫీలు దిగారు. వాట్సాప్ గ్రూపులో పధ్నాలుగు పేర్లు వచ్చాయి, ఇద్దరు అలిగి గ్రూపులోంచి వెళ్ళిపోయారు. ఇంతమందిని ఇలా కలిపిన సాధనం ఇంకేదైనా ఉందా? అయితే పధ్నాలుగు పేర్లలో ఏది నిజమో తేలక ఆయనకి నిద్ర కరువైంది.

గురువారం పొద్దున్నే రంపం మిషన్‌తో మనుషులు దిగారు. అప్పుడు పెరడు తుడిచే గున్నమ్మ చీపురు పక్కన పడేసి, చెట్టుకి అడ్డంగా నిలబడింది.

"నా తానిసెట్టు కొట్టీకండి బాబూ!"

"ఏ సెట్టు?" అన్నారు నగరేశ్వరరావు గారు.

"తానిసెట్టు! మీ కొట్టు సెత్తలోంచే మొలిసింది. కాయలు నానే ఏరి ఎండబెట్టి సంతలో యాపారికి యేస్తన్నాను. ఆడు మీకే అమ్ముతన్నాడు."

ఆయన కింది నుంచి ఒక ఎండుకాయ తీసి, గోటితో గీరి, వాసన చూశారు. తానికాయే! ఏటా ఆ వ్యాపారి దగ్గర "సరుకంటే ఇదీ" అని మెచ్చుకుని మరీ కొంటున్న తానికాయ.

"మరి ముందే సెప్పొచ్చు కదే గున్నమ్మా!"

"అడిగితే కదా సెప్పడానికి! ఫోన్ని అడిగినారు, కోడలమ్మనడిగినారు, పొందూరోల్ని అడిగినారు. రోజూ దాని కింద తుడుత్తన్న దాన్ని, నన్ను ఒక్కపాలైనా అడిగినారేటి?"

ఆయనకి సిగ్గేసింది. సిగ్గు వెనకే భయమూ వేసింది. తానిచెట్టులో కలిపురుషుడు కాపురం ఉంటాడని, అది పెరట్లో ఉంటే ఇల్లు నిలవదని సిద్ధాంతి గారే కొట్టు ముందు కూర్చుని ఎన్నోసార్లు చెప్పారు. నిన్నటిదాకా పేరు తెలియదు కాబట్టి కొట్టేయాలి. ఇప్పుడు తెలిసింది కాబట్టి కొట్టేయాలి!

అంతలో సిద్ధాంతి గారు రానే వచ్చారు. "పేరు తేలిందా?"

నగరేశ్వరరావు గారు ఆ రోజు పొద్దున్నే చెట్టు కింద మంచం వాల్చుకున్న భార్య వైపు చూశారు. ఆవిడ మంచం పట్టెని రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. ఆయన ఇంకేం ఆలోచించలేదు. జేబులోంచి ఫోన్ తీసి సిద్ధాంతి గారి చేతికిచ్చారు.

"బ్రెజిల్ చెట్టండి. తొంభై రెండు శాతం!"

సిద్ధాంతి గారు కళ్ళజోడు సర్దుకుని రెండుసార్లు చదివారు. పైకి చూశారు. చెట్టుకి ఓ నమస్కారం కూడా పడేశారు. "పరదేశపు వృక్షం! శాస్త్రంలో దీనికి దోషం చెప్పలేదండీ. నిక్షేపంలా ఉంచుకోండి" అన్నారు. గున్నమ్మ నోట్లో కొంగు కుక్కుకుని గోడ వైపు తిరిగింది.

చూశారా! ఫోన్ లేకపోతే ఆ చెట్టు ఏమైపోయేది? ఇప్పుడు దాని మొదట్లో బ్రెజిల్ పేరుతో ఇత్తడి బోర్డు కూడా ఉంది. వచ్చినవాళ్ళంతా అది చదివి, చెట్టు చుట్టూ తిరిగి, ఆహా అనుకుంటూ వెళుతున్నారు. గున్నమ్మకి చదువు రాదు. పాపం, ఆవిడొక్కతే ఇంకా దాన్ని తానిచెట్టు అంటోంది.