బొట్టు పెట్టిన కెమెరా

ఆ ఉదయం గోవిందరావు వేసుకున్న పథకం చాలా చిన్నది. భార్య పద్మకుమారితో కారులో శ్రీకాకుళం వెళ్లి, మేనమామ మనవడి గృహప్రవేశంలో పులిహోర తిని, పదకొండు గంటలకల్లా నరసన్నపేట తిరిగొచ్చి కొట్టు తెరవాలి. ఇంత చిన్న పథకానికి కూడా ఓ కెమెరాను సాక్షిగా పెట్టుకోవడమే ఆయన చేసిన పొరపాటు.

బజారులో ఆయన ఎలక్ట్రానిక్స్ కొట్టు మీద నీలం రంగు మేరునాద్ కంపెనీ బోర్డు ఉంటుంది. డెబ్బై ఎనిమిదిలో తండ్రి పెట్టించాడు. ఆ రోజుల్లో మేరునాద్ రేడియో కొంటే తాత విన్నదాన్ని మనవడూ వినేవాడు. ఇప్పుడు మేరునాద్ మిక్సీ మూడో కొబ్బరికాయకే పొగ వదులుతుంది. ఇస్త్రీపెట్టె చొక్కాను వదిలేసి తన తీగనే కాల్చుకుంటుంది. ఈ సంగతి బజారంతటికీ తెలుసు, గోవిందరావుకు తప్ప. మిక్సీ తిరిగొస్తే కొబ్బరి ముదురన్నాడు. ఇస్త్రీపెట్టె తిరిగొస్తే కరెంటు మంచిది కాదన్నాడు. ఆయన మాటల్ని బట్టి చూస్తే మేరునాద్‌లో తప్ప లోకంలో అన్నింట్లోనూ లోపమే.

అలాంటి మేరునాద్ నుంచి కారు కెమెరాలు వచ్చాయి. అద్దానికి అంటించుకుంటే రోడ్డు మీద జరిగేదంతా రికార్డు చేస్తుందట. గోవిందరావు కొన్ని ట్యాక్సీల వాళ్లకు అమ్మి, ఒకటి తన కొత్త కారుకు పెట్టుకున్నాడు. మొదటి రోజే ఎండకు జిగురు కరిగి అది పద్మకుమారి ఒళ్లో పడింది. ఆయన దాన్ని సైకిల్ ట్యూబు ముక్కతో వెనక చూసే అద్దానికి కట్టాడు. ఫోనులో దాని యాప్ తెరిస్తే పుట్టిన తేదీ, ఈమెయిలు, బంధుమిత్రుల నంబర్లన్నీ అడిగింది. పెళ్లిచూపుల్లో కూడా తనను ఎవరూ అన్ని ప్రశ్నలు అడగలేదని గోవిందరావు మురిసిపోయాడు. అది దారి పొడుగునా ఊరికే కీచుమని అరుస్తుంటే, హుషారైన మిషనని మెచ్చుకున్నాడు.

కారు పూజ శ్రీముఖలింగంలో చేయించారు. పద్మకుమారి స్టీరింగుకూ, దీపాలకూ, చక్రాలకూ గంధం రాసి కుంకుమబొట్లు పెట్టింది. కెమెరా మాత్రం ఏం పాపం చేసిందని దానికీ నిండుగా ఒక బొట్టు పెట్టింది.

ఇక ఆ ఉదయం. కారు బజారు దాటకముందే ధడేల్‌మని ఆగింది. ఎదురుగా గంగులు చేపల ఆటో. భావనపాడు నుంచి తెచ్చిన రెండు పెట్టెల కానాగంత చేపలు మంచుతో సహా రోడ్డు మీద పరుచుకున్నాయి. ఎక్కడెక్కడి కాకులూ దిగాయి. వెనక బస్సు ఆగింది, దాని వెనక ఇసుక లారీ ఆగింది.

"ఓలమ్మో, నా సరుకంతా రోడ్డు పాలైపోనాది!" అని గంగులు తల్లి కూర్మమ్మ తట్ట కింద పడేసి వచ్చింది. "సావుకారూ, కళ్లు ఇంటికాడ ఒగ్గేసి వచ్చినావేటి?"

"నన్నంటావేటి? నీ కొడుకు ఆటోయే ఎనక్కొచ్చి నా కారుని గుద్దీసింది!"

"బాబూ, బండి ఆపీసి, తాళం తీసీసి పెట్టెలు దించుతన్నాను," అన్నాడు గంగులు, చేతిలో తాళం చూపిస్తూ. "అదెలాగ ఎనక్కి వస్తాది?"

గోవిందరావు అబద్ధమాడలేదు. ఆటోయే తన మీదికి వచ్చిందని మనస్ఫూర్తిగా నమ్మాడు. తన తప్పు తనకు కనపడని జబ్బు ఆయనకు పాతదే. పద్మకుమారి ఏదో చెప్పబోతే, "నువ్వూరుకో, కెమెరా సెప్తాది," అని ఆమె నోరు మూయించాడు. ఆమె కొంగు సర్దుకుని, "అలాగే, అదే సెప్తాదిలెండి," అని ఊరుకుంది.

ఎదుటి బట్టల కొట్టు ఉమాశంకర్ వచ్చాడు. పద్మకుమారికి అన్న, వర్తక సంఘానికి పెద్ద. "బావా, రెండు పెట్టెల సేపల కాడ పంతమేటి? సరుకు ఖరీదు ఇచ్చీసి ఎల్లిపో," అన్నాడు.

ఆ మాట గోవిందరావుకు కాలింది. చుట్టూ పోగైన జనంలో తన దగ్గర కెమెరాలు కొన్న ట్యాక్సీల వాళ్లూ ఉన్నారు. "మేరునాద్ సూసిందే నిజం!" అని అరిచాడు. "అందరూ రండి, మా కొట్లో పెద్ద టీవీ మీద ఏసి సూపిస్తాను. మేరునాద్ సెప్పింది అబద్ధమని తేలితే, మా నాన్న పెట్టిన బోర్డు నా సేత్తో నానే దింపేస్తాను."

పదకొండుకు తెరవాల్సిన కొట్టు తొమ్మిదికే తెరుచుకుంది. కొట్టు పుట్టిన తర్వాత అంత జనం ఎప్పుడూ రాలేదు. ఒక్కరూ కొనడానికి రాలేదు. టీవీ కూడా మేరునాద్‌దే. అది వెలగడానికి ముందు తన గొప్ప తాను చెప్పుకుంది, తర్వాత కొత్త సాఫ్ట్‌వేరు కావాలంది, తర్వాత కాసేపు నల్లబడి ఆలోచించుకుంది. చివరికి కెమెరా కార్డులోని బొమ్మ వచ్చింది. తెర మొత్తం ఎర్రగా ఉంది. రోడ్డు లేదు, ఆటో లేదు, ఆకాశం లేదు. మూలన తేదీ మాత్రం ఉంది: 1970 జనవరి 1.

"బాబూ, ఇది నా ఆటో కాదు. నాది పసుప్పచ్చ," అన్నాడు గంగులు.

"పంతొమ్మిదొందల డెబ్బైకి నానే పుట్నేదు," అంది కూర్మమ్మ. "నా కొడుకు ఆటో ఎలాగ తోల్తాడు నాయినా?"

జనం గొల్లుమన్నారు. ఎవరో కారు దగ్గరికి పరిగెత్తి చూసొచ్చి, కెమెరా కంటి మీద బొట్టు ఉందన్నారు. గోవిందరావు భార్య వంక ఉరిమి చూశాడు.

"ఏటే నువ్వు సేసిన పని?"

"మిక్సీకీ పెట్టాను, ఫ్రిజ్జుకీ పెట్టాను, అప్పుడు వద్దన్నారా?" అంది పద్మకుమారి.

గోవిందరావు కంపెనీకి ఫోను చేసి, కెమెరా ఫిర్యాదుకు మూడు నొక్కమంటే నొక్కాడు. ఆ ఫోను కూడా పేరుమోసిన కంపెనీదే. కొన్న ఆరు నెలలకే చెవి దగ్గర వినపడటం మానేసి, స్పీకరులోనే మాట్లాడుతోంది. కాబట్టి బజారంతా విన్నది: మీ కాల్ మాకు ఎంతో విలువైనది, దయచేసి వేచి ఉండండి. ఆ విలువైన కాల్ పావుగంట వేచి ఉండి తెగిపోయింది. తర్వాత, మేమే మీకు ఫోను చేస్తామని ఒక మెసేజి వచ్చింది.

"పోనీ బావా, ఆపీ," అన్నాడు ఉమాశంకర్.

ఆపడానికే గోవిందరావు రిమోట్ నొక్కాడు. మేరునాద్ రిమోట్‌లో ఏ మీట నొక్కితే ఏ పని జరుగుతుందో దాన్ని చేసినవాడికి కూడా తెలియదు. తెర మీద ఇంకో బొమ్మ వచ్చింది. అందులో పెద్దగా, స్పష్టంగా, ముక్కు మీద పుట్టుమచ్చతో సహా గోవిందరావే ఉన్నాడు. కెమెరా వెనక వైపు ఆయన ఇన్నాళ్లూ మరమేకు అనుకున్నది దాని రెండో కన్ను. అది కారు లోపలికి చూస్తుంది. దానికి బొట్టు పెట్టాలని ఎవరికీ తోచలేదు.

తెర మీది గోవిందరావు స్టీరింగు వదిలేశాడు. రెండు చేతులతో కెమెరాను కొడుతున్నాడు. "ఎందుకే అలాగ అరుస్తన్నావు? నోర్ముయ్!" అంటున్నాడు. పక్క నుంచి పద్మకుమారి గొంతు: "ఏవండీ, ముందు సూడండి, ఆటో ఆగున్నాది!" ఆయన: "నువ్వుండు, దీని సంగతి సూడనీ." ఆ తర్వాత ధడేల్. తెర మీది మొహం ఒక్క క్షణం తెల్లబోయి, వెంటనే కోపంగా మారింది. "సూసినావా, ఎనక్కొచ్చి గుద్దీసినాడు!"

మేరునాద్ ఇరవై ఏళ్లలో ఒక్క వస్తువు సరిగ్గా చేసింది, అదీ ఈయన పీకల మీదికి. ఇప్పుడు గోవిందరావు తప్పు తనదంటే చేపల పెట్టెల ముందు చేతులు జోడించాలి. మిషను తప్పంటే నాన్న బోర్డు దించాలి.

ట్యాక్సీవాడొకడు మెల్లగా, "సావుకారు గోరూ, మిషను మంచిది కాదంటే ఇప్పుడే సెప్పీండి. మావీ తెచ్చి ఇచ్చేత్తాం," అన్నాడు.

గోవిందరావు గుమ్మంలోంచి పైకి, బోర్డు వంక చూశాడు. అరవై ఏళ్ల మనిషికి ఏడుపొచ్చినంత పనైంది. అయినా కూర్మమ్మ ఎదుటికి వెళ్లి చేతులు జోడించాడు.

"మేరునాద్ అబద్ధం సెప్పదమ్మా. తప్పు నాదే. సరుకంతా నాదే అనుకో."

కూర్మమ్మ నిజంగానే ఆయనదే అనుకుంది. చేపలన్నీ కుళాయి దగ్గర కడిగి, పెట్టెలకెత్తి, కొట్టు గుమ్మంలో పెట్టించింది. "సల్లగా ఉండు నాయినా. పొద్దున్న ఏటలో వలకి పడ్డవే, తాజావి," అంది. అసలే కార్తీక మాసం, ఉల్లిపాయను కూడా గడప దాటనివ్వని ఇల్లు అది. పద్మకుమారి ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని, వచ్చినవాళ్లందరికీ పంచేయమంది. కెమెరా కొన్న ప్రతి ట్యాక్సీవాడికీ ఓ సంచెడు కానాగంతలు దక్కాయి. మేరునాద్ వస్తువుతో పాటు ఉచిత బహుమతి రావడం అదే మొదలు.

పరువు పోయినా పేరు నిలబెట్టానని గోవిందరావు కుర్చీలో కూలబడ్డాడు. సరిగ్గా అప్పుడే ఫోను మోగింది. కంపెనీ అమ్మాయి. స్పీకరులో బజారంతటికీ వినపడింది.

"సార్, మీ కంప్లయింట్ చూశాం. కెమెరాలు మేము తయారు చెయ్యం సార్. మేరునాద్ ఫ్యాక్టరీ మూసేసి పన్నెండేళ్లయింది. ఇప్పుడు పేరు మాత్రం అద్దెకిస్తున్నాం. మీ కెమెరా ఎవరు చేశారో మా దగ్గర వివరం లేదు. నా సేవ మీకు నచ్చితే అయిదు నొక్కండి."

గోవిందరావు ఏదీ నొక్కలేదు. లేచి నిచ్చెన తెచ్చుకున్నాడు.

"అదేటి బావా, కెమెరా నిజమే సెప్పింది కదా! బోర్డు దించుతావేటి?" అని ఉమాశంకర్ కింద నిచ్చెన పట్టుకున్నాడు.

"నిజమే సెప్పింది. సెప్పినోడెవుడో తెలీదంట," అంటూ గోవిందరావు మొదటి మేకు పీకాడు.

మర్నాడు ట్యాక్సీల వాళ్లు కెమెరాలు పట్టుకుని వరసగా వచ్చారు. వాటిని తిరిగిచ్చి, చేపలు మాత్రం చాలా బాగున్నాయని చెప్పి వెళ్లారు. ఆ కొట్టు గుమ్మంలోంచి ఈ ఇరవై ఏళ్లలో వెళ్లినవాటిలో, చెప్పిన మాటకు సరిపోయిన సరుకు ఆ చేపలొక్కటే, వాటికి గ్యారంటీ కార్డు లేదు.