‘కు’ లేని తొట్టి

ఇంటి పాత పెంకులు పారబోయడానికి మున్సిపాలిటీ నుంచి అద్దెకు తెచ్చుకున్న ఇనప తొట్టి పెంకుల్ని తీసుకోదనీ, పెంకివాళ్ళను మాత్రమే తీసుకుంటుందనీ భ్రమరాంబకు మొదటి గంప వేసినప్పుడే తెలిసిపోయింది. గంపెడు పెంకుల్నీ తొట్టి ఒక్క క్షణం కడుపులో ఉంచుకుని రోడ్డు మీదికి ఉమ్మేసింది. ఆ ఊళ్ళో అద్దె తొట్లన్నీ తమ మీద ఏం రాసుంటే అదే తీసుకుంటాయి. ‘మట్టికి మాత్రమే’ అని రాసున్న దాంట్లో ఇటుకముక్క వేసినా విసిరి కొడుతుంది. దీని మీద ‘పెంకుకి మాత్రమే’ అని రాయాల్సింది. పెయింటర్ మధ్యలో టీకి వెళ్ళొచ్చి ‘కు’ మర్చిపోయాడు. ‘పెంకి మాత్రమే’ అని మిగిలింది.

భర్త సుదర్శనం అప్పటికే సగం కప్పు విప్పించేశాడు. వంటింట్లోంచి ఆకాశం కనిపిస్తోంది, తూర్పున మబ్బు కమ్ముకొస్తోంది. పెంకుల గుట్ట గుమ్మానికి అడ్డంగా పడుంది. రేకులు బిగించే మేస్త్రి దారి లేక ఎదురింటి అరుగు మీద కూర్చుని బీడీ కాలుస్తున్నాడు. ఈ తొట్టి కదిలితేగాని ఇంకో తొట్టి రాదు. ఇది నిండితేగాని, లేదా ఆ ఇంట్లో పెంకివాళ్ళెవరూ లేరని తేలితేగాని కదలదు.

శానిటరీ ఇన్‌స్పెక్టర్ జోగినాయుడు గారు స్కూటర్ మీద వచ్చి తొట్టి చుట్టూ ఒకసారి తిరిగారు.

“ఒక్క అక్షరమే కదండీ. పెయింటర్ని పిలిచి దిద్దించెయ్యండి,” అంది భ్రమరాంబ.

“తప్పని నాకూ తెల్సమ్మా. రాసేశాక అదే రూలు. దిద్దాలంటే ఇది డిపోకి వెళ్ళాలి, వెళ్ళాలంటే నిండాలి.”

“మొన్న వెనక వీధిలో నిండింది కదండీ. అప్పుడెందుకు దిద్దలేదు?”

“అడిగేవాళ్ళంతా తొట్టిలో ఉన్నారు కదమ్మా, ఇంకెవరడుగుతారు?” అని ఆయన ఆమెను ఎగాదిగా చూశారు. “ఇంతకీ ఈ ఇంట్లో మీరేనా?”

“నేనేంటండీ?”

“అదేనమ్మా, పెంకి,” అన్నారాయన, రేషన్ కార్డులో పేరు అడిగినంత మామూలుగా.

తొట్టి ఎక్కినవాళ్ళ ప్రాణానికి ఢోకా ఏమీ లేదు. డిపోలో మెత్తబడ్డాక తెచ్చి ఇంటి దగ్గరే దింపుతారు. వెనక వీధి సత్యవేణిని అలాగే దింపారు. ఒకప్పుడు కుళాయి దగ్గర వరస తప్పితే వీధి దద్దరిల్లిపోయేది. ఇప్పుడు ఎవరు ముందు దూరినా నవ్వుతూ నిలబడుతుంది. కుళాయి కట్టేసే వేళకు కూడా ఆవిడ బిందె ఖాళీగానే ఉంటోంది.

పరీక్ష పెద్ద కష్టమేమీ కాదు. ఒక్కొక్కరూ తొట్టి తలుపు ముందు నిలబడాలి, పెంకివాళ్ళయితే తలుపు తెరుచుకుంటుంది. ముందుగా అత్తగారు మంగతాయారు నిలబడింది. పొద్దున కాఫీలో పంచదార ఎక్కువైందని ఒకసారి, తక్కువైందని ఒకసారి గ్లాసు తిప్పి పంపిన మనిషి. తలుపు కదల్లేదు. పెద్దవాళ్ళది అలవాటు అంటారు గాని పెంకితనం అనరు. తరవాత సుదర్శనం నిలబడ్డాడు. వానలు వెళ్ళేదాకా ఆగమని ఇంటిల్లిపాదీ మొత్తుకున్నా వినకుండా కప్పు విప్పించింది అతనే. తలుపు కదల్లేదు. మగవాళ్ళది పట్టుదల.

“ఇంక మా కోడలేనండీ,” అంది మంగతాయారు సాయం చేస్తున్నట్టు. “చిన్నప్పట్నుంచీ పెంకేనంట. పెళ్ళిచూపుల్లో వాళ్ళ నాన్నే చెప్పాడండీ.”

ఆ మాట నిజమే. బడి ఎందుకు మాన్పించారని అడిగిన రోజున నాన్న ఆమెను పెంకిదన్నాడు. మబ్బు పట్టింది, విప్పించకండి అన్నందుకు నిన్ననే మొగుడూ అన్నాడు. ఇప్పుడు ఆమె తొట్టి ముందు నిలబడింది. తను మెత్తబడి వస్తే కూతురి తరఫున మాట్లాడేవాళ్ళెవరు?

“పెంకి అని పేరున్నవాళ్ళని ఒక మాట అడగాలి. తొట్టి మీద రాత సరిగ్గానే ఉంది. సరేనా అమ్మా?” అన్నారు ఇన్‌స్పెక్టర్.

జవాబు నాలుక చివరిదాకా వచ్చింది. భ్రమరాంబ మింగేసింది.

“సరేనండి.”

తలుపు కదల్లేదు. సుదర్శనం ఊపిరి పీల్చుకున్నాడు. మంగతాయారు కొంచెం నిరాశపడింది.

ఐదో తరగతి చదువుతున్న కూతురు చిన్మయి అంతసేపూ పెంకుల గుట్ట మీద కూర్చుని ఇదంతా చూసి, ఇప్పుడు దిగి తొట్టి తలుపు ముందుకొచ్చింది.

“తప్పు కదమ్మా! అక్కడ ‘కు’ లేదు. ఉన్నట్టు ఎందుకు చెప్పావ్?”

తొట్టి తలుపు కిర్రుమంటూ సగం తెరుచుకుంది.

“కంగారు పడకండి,” అన్నారు ఇన్‌స్పెక్టర్ మర్యాదగా. “చిన్నపిల్లలు తొందరగా మెత్తబడతారండి. బడి కూడా ఎక్కువ పోదు.”

సుదర్శనం కూతురి వంక చూడలేదు. ఆకాశం వంక చూశాడు. “మబ్బు దగ్గరికొచ్చేసింది,” అన్నాడు.

భ్రమరాంబ పరుగున వెళ్ళి పిల్లను కావిలించుకుంది.

“సరే అను.”

“నువ్వే కదమ్మా తప్పు రాస్తే దిద్దమని చెప్పావు...”

తలుపు పూర్తిగా తెరుచుకుంది. లోపల్నుంచి చల్లటి తుప్పు వాసన కొట్టింది.

“నా తల్లివి కదూ. నీకు దణ్ణం పెడతాను. సరే అనవే.”

చిన్మయి తల్లి మొహంలోకి చూసింది. ఆ మొహంలో అంత భయం ఎన్నడూ చూడలేదు.

“సరే,” అంది.

తలుపు మూసుకుంది. మంచి పిల్ల అని మెచ్చుకుని ఇన్‌స్పెక్టర్ గారు తొట్టిని పక్కింటి ముందుకు తోయించారు. మధ్యాహ్నానికి ఇంకో తొట్టి వచ్చి పెంకులు పట్టుకుపోయింది. మేస్త్రి చీకటి పడకముందే రేకులు బిగించేశాడు. ఆ రాత్రి వాన కుండపోతగా కురిసింది.

పొద్దున భ్రమరాంబ చిన్మయి దిండు ఎత్తితే నీళ్ళు కారాయి. పిల్ల మంచానికి సరిగ్గా పైన, రేకు మేకు దగ్గర చుక్క చుక్కగా పడుతోంది.

“రాత్రంతా తడిశావా? నన్ను లేపలేదేం?”

చిన్మయి జడలు వేయించుకోవడానికి వీపు తిప్పి కూర్చుంది. “సరేలే అమ్మా,” అంది.

“మనవరాలు ఎంత నెమ్మదస్తురాలైపోయిందో చూడు,” అని మంగతాయారు మురిసిపోయింది. “ఆడపిల్లంటే అలాగే ఉండాలి.”

భ్రమరాంబ ఏదో అనబోయింది. కిటికీలోంచి చూస్తే పక్కింటి ముందు తొట్టి ఇంకా అక్కడే ఉంది. ఆమె రిబ్బను గట్టిగా ముడి వేసి, “సరేనత్తయ్యగారూ,” అంది.